నికిల్ కింది నలుపు

సిద్దిపేటలో అమీనుద్దీన్‌ను పూర్తి పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ ఆయన నికిల్ సాబ్. పొడవాటి మనిషి. యాసిడ్ ఆవిరికి చేతి వేళ్ల చర్మం మొద్దుబారి, గోళ్లు పసుపురంగుకు తిరిగాయి. నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కునేటప్పుడు ఆ గోళ్లను చాలాసేపు రుద్దేవాడు. ఎంత రుద్దినా ఆ రంగు పోయేది కాదు.

పదిహేనో ఏట హైదరాబాదు వెళ్లి నిజాం ఫౌజు తుపాకుల కార్ఖానాలో పనికి కుదిరాడు. పద్దెనిమిదేళ్లు అక్కడే ఉన్నాడు. తుప్పు పట్టిన నాలీలను, అంటే తుపాకి గొట్టాలను, గీకడం, నల్లనీలం రంగు ఎక్కించడం, అఫ్సర్ల పిస్తోళ్లకూ కత్తి పిడులకూ నికిల్ పూత వేయడం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. పోలీసు చర్య తర్వాత ఫౌజు చెదిరిపోయింది. భార్య మున్నీబీని, ఇద్దరు ఆడపిల్లల్ని, మూడేళ్ల కొడుకు మతీన్‌ను వెంటబెట్టుకుని సొంత ఊరికి తిరిగొచ్చాడు.

దత్తాత్రి అనే ఆసామికి ఊళ్లో బియ్యం మిల్లు ఉండేది. మిల్లు ప్రహరీకి ఆనుకుని ఉన్న గదుల వరసలో ఒకటి కిరాయికి తీసుకుని అమీనుద్దీన్ దుకాణం పెట్టాడు. లోపల రెండు తొట్లు. ఒకదానిలో యాసిడ్, ఒకదానిలో ఆకుపచ్చటి నికిల్ నీళ్లు. మూలన ఒక డైనమో, గుమ్మం పక్కన మెరుగు పెట్టే బఫ్ చక్రం. సైకిల్ హ్యాండిళ్లు, డాక్టర్ల కత్తెర్లు, పెళ్లి పళ్లేలు వచ్చేవి. చుట్టుపక్కల ఊళ్లలో నికిల్ తొట్టి ఉన్నది ఆ ఒక్క దుకాణంలోనే.

పద్మశాలి నర్సయ్య మగ్గం నాడెల ఇనప మొనలు పట్టుకుని వచ్చేవాడు. మొనకు నికిల్ వేస్తే తుప్పు పట్టదు, పోగుకు తట్టుకోదు. పని అయ్యేలోపు ఇద్దరూ గుమ్మంలో కూర్చుని చాయ్ తాగేవారు. అట్లా పదిహేనేళ్లు గడిచాయి. నర్సయ్య కొడుకు కర్ణాకర్, అమీనుద్దీన్ కొడుకు మతీన్ కూడా జతగాళ్లయ్యారు. మతీన్ బడి మానేసి తండ్రి దగ్గర పని నేర్చుకున్నాడు. కర్ణాకర్ మగ్గం మీద కూర్చుంటూనే కాలేజీలో చేరాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడు అతనొక్కడే.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని ఊళ్లకు ఊళ్లు లేచాయి. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. కర్ణాకర్ పొద్దున లేస్తే ఊరేగింపుల్లోనే ఉండేవాడు. మతీన్‌కు పెళ్లయి ఏడాది. భార్య తహూరా నిండు నెలల మనిషి. అయినా తండ్రి చూడకుండా వెళ్లి జతగాడి పక్కన నడిచేవాడు.

ఎండలు మండుతున్న ఒక గురువారం నాడు బందు. ఊళ్లో దుకాణాలన్నీ మూశారు, మిల్లు మాత్రం నడుస్తోంది. ఊరేగింపు మిల్లు ముందు ఆగింది. మిషను ఆపమని కేకలు వేశారు. గేటు తెరుచుకోలేదు. ఎవరో రాయి విసిరారు, వెనకే ఇంకొన్ని రాళ్లు లేచాయి. అప్పుడు పక్కనే ఉన్న దత్తాత్రి ఇంటి మేడ మీది నుంచి ఒక్క తుపాకి మోత వినబడింది. కర్ణాకర్ మెడ పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు మోసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. గుండు మెడలోంచి దూసుకుపోయి ఎక్కడ పడిందో ఎవరికీ దొరకలేదు.

మేడ మీద దత్తాత్రిని ముగ్గురు చూశారు. అతని చేతిలో నల్లటి రివాల్వర్ ఉందని ముగ్గురూ ఒకే మాట చెప్పారు.

పదకొండు రోజులదాకా పోలీసులు ఆ ఇంటి గడప తొక్కలేదు. తర్వాత కొత్త ఎస్సై బదిలీ మీద వచ్చాడు. తెనాలి వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. ఆంధ్రా అఫ్సరు మనకేం న్యాయం చేస్తాడని ఊరంతా పెదవి విరిచింది. అతను మాత్రం చేరిన రెండో రోజే దత్తాత్రి ఇంటికి వెళ్లి లైసెన్సు రివాల్వర్‌ను తెచ్చి స్టేషన్ బల్ల మీద పెట్టాడు. అది నల్లగా లేదు. పెళ్లిపళ్లెం లాగా తెల్లగా మెరుస్తోంది.

"మా నాయిన కొన్న నాటి నుంచి గిట్లనే ఉన్నది," అన్నాడు దత్తాత్రి. "ఇంట్ల పనోల్లను అడుగున్రి. నల్లది చూసినమన్నోల్లు ఎవరి చేతుల ఏం చూసిన్రో నాకేం తెలుసు?"

నిజాం కాలం నాటి ఉర్దూ లైసెన్సులో నంబరు ఉంది, కంపెనీ పేరు ఉంది, రంగు సంగతి లేదు. నంబరు సరిపోయింది. ఇక కేసంతా ఒక్క మాట మీద నిలబడింది. ఆ తెలుపు ముందునుంచీ ఉన్నదా, ఈ మధ్య వచ్చిందా? హైదరాబాదు నుంచి కాగితం రావాలంటే నెలలు పడుతుందని ఎస్సైకి తెలుసు. తుపాకుల కార్ఖానాలో చేసిన మనిషి ఊళ్లోనే ఉన్నాడని ఎవరో చెబితే అమీనుద్దీన్‌కు కబురు పంపాడు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక అమీనుద్దీన్ స్టేషన్‌కు వెళ్లాడు. తూటాలు లేవని చూసుకుని, బల్లను వరండాలోకి తెప్పించమన్నాడు.

"బల్బు కింద నికిల్ తెల్వది సార్. ఎండల చూడాలె."

జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. రివాల్వర్‌ను అరచేతిలో పెట్టుకుని ముందు ఊరికే చూశాడు. పాత నికిల్ ముప్పై, నలభై ఏళ్లకు దంతంలా కాస్త పచ్చబారుతుంది, లోపల్లోపల మసక కమ్ముతుంది. ఇది నిన్న మొన్నటి పళ్లెంలా పచ్చ అన్నదే లేకుండా ఉంది.

"రంగొక్కటి చూసి చెప్పొద్దు," అన్నాడు. "గట్టిగ పాలిష్ కొడితె పాతది సుత తెల్లగైతది."

నాలీ మీది కంపెనీ అక్షరాల మీద బొటనవేలి గోరు ఆనించి లాగాడు. ఎస్సైని కూడా అట్లాగే చేయమన్నాడు.

"ఏమన్న తలిగిందా సార్?"

"లేదు. జారిపోతోంది."

"కంపెనీల అక్షరం కొట్టి పూత వేస్తరు. అంచు గోటికి తలగాలె. దీన్ని పూతకు ముందు బఫ్ చక్రం మీద బాగ రుద్దిన్రు. పాత రంగు పోవాలని రుద్దితే అక్షరం అంచులు సుత పోయినయి. గీ మరమేకుల చుట్టు ఇనుము చూడున్రి, సాసర్ లెక్క లోపలికి దిగింది. గది సుత బఫ్ పనే."

తర్వాత నాలీని ఎండకేసి తిప్పాడు. పూత అడుగున ఆవగింజల్లాంటి సన్నటి గుంటలు కనబడ్డాయి. గుంటల లోపల కూడా మెరుపు ఉంది.

"ఇవి తుప్పు తిన్న గుంటలు. తుప్పు తిన్నంక పూత పడ్డది. కంపెనీ ఏదన్న గానియ్యి, తుప్పు తిన్న ఇనుము మీద పూత వేసి అమ్మది."

తూటాను కొట్టే ఘోడా, ట్రిగ్గర్ కూడా తెల్లగానే ఉన్నాయి. తను చూసిన తెల్ల రివాల్వర్లలో చాలావాటికి ఆ రెండూ నల్లగానే ఉండేవనీ, అన్నిటికీ అట్లాగే ఉంటాయని మాత్రం చెప్పలేననీ అన్నాడు. ఎస్సై కాగితం మీద రాసుకుంటున్నాడు. అమీనుద్దీన్ మాటలో ఎక్కువా తక్కువా లేకపోవడం అతనికి నచ్చింది.

"పిడి చెక్కలు తియ్యాలె," అన్నాడు అమీనుద్దీన్. "ఎవరు పూత వేసినా చెక్కల కింద బద్ధకిస్తరు."

చెక్కలు ఊడదీశాడు. అనుకున్నట్టే మూలల్లో పాత రంగు మిగిలి ఉంది, వంకాయ తొక్క మీది నలుపు లాంటి నల్లనీలం. దానికి ఒకటిన్నర అంగుళం పైన ఇంకొకటి కనబడింది. పూత పట్టని రెండు సన్నటి గీతలు, పక్కపక్కనే.

వస్తువును తొట్టిలో వేలాడదీయడానికి రాగి తీగ కడతారు. తీగ ఆనిన చోట పూత పట్టదు. అందుకని బయటికి కనబడని భాగంలో కడతారు. అమీనుద్దీన్ ఎప్పుడూ ఒక్క చుట్టే చుట్టేవాడు. రెండు చుట్లు చుట్టి మెలిపెట్టేది మతీన్. నేర్చుకునే రోజుల్లో ఒక డాక్టరుగారి కత్తెర జారి తొట్టి అడుగున పడిపోయింది. అప్పటినుంచి ఆ భయం వాణ్ని వదల్లేదు.

అమీనుద్దీన్ చెక్కలు మళ్లీ బిగించాడు.

"తర్వాత వేసిందే సార్. పదిహేను దినాలు సుత కాలె."

"ఎవరు వేసుంటారు?"

"రేపు వచ్చి రాసిస్త సార్. రేపు చెప్త."

వరండా మెట్ల కింద నర్సయ్య నిలబడి ఉన్నాడు. కొడుకు పోయినప్పటి నుంచి గడ్డం గీసుకోలేదు. లోపలి మాటలు సగం సగం విన్నాడు. అమీనుద్దీన్ దిగి రాగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పినవంట కద అన్నా. నల్లదే అని చెప్పినవంట కద."

అమీనుద్దీన్ తల ఊపి చేతులు విడిపించుకున్నాడు.

దుకాణానికి వెళ్లేసరికి మతీన్ ఒక్కడే ఉన్నాడు. డైనమో ఆగి ఉంది. తండ్రి ఏమీ అడగకముందే వాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

కాల్పులు జరిగిన మూడో రోజు, శనివారం పొద్దున, కోహెడలో అమీనుద్దీన్ అక్క చనిపోయింది. బస్సుల్లేక ఆయన సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాడు. మట్టి చేసి, మూడో రోజు జియారత్ ప్రార్థనలు కూడా అయ్యాక మంగళవారం తిరిగొచ్చాడు. ఆ మూడు రోజులు దుకాణం మతీన్ చేతిలో ఉంది.

"ఎప్పుడు తెచ్చిన్రు?" అని అడిగాడు అమీనుద్దీన్.

"ఆయితారం పొద్దుగాల. బుచ్చిరాములు తెచ్చిండు, బట్టల చుట్టి." బుచ్చిరాములు మిల్లులో గుమాస్తా. "దొర బంధువులకు కానుకిస్తడు, తెల్లగ చెయ్యి అన్నడు."

"నమ్మినవా?"

"లేదు అబ్బా."

"నాలీ వాసన చూసినవా?"

"చూసిన. కాలిన మందు వాసన ఉండె."

కర్ణాకర్ కూలబడ్డప్పుడు వాడికి నాలుగడుగుల వెనకే మతీన్ ఉన్నాడు. దవాఖానకు మోసినవాళ్లలో వాడూ ఒకడు. ఆ రోజు వేసుకున్న అంగీని మున్నీబీ మూడుసార్లు ఉతికి, మరక పోక పొయ్యిలో పెట్టింది. ఇదంతా అమీనుద్దీన్‌కు తెలుసు. అందుకే వాడి మీద చెయ్యి ఎత్తబోయి దించేశాడు.

"మరెందుకు చేసినవ్ బేటా?"

"రాళ్లేసినోల్లల్ల నా పేరున్నదన్నడు బుచ్చిరాములు. దొర ఇంక పోలీసోల్లకు ఇయ్యలె, ఇయ్యమంటవా అన్నడు. తహూరా ఇట్ల ఉన్నది. నాకు భయమైంది." బఫ్ చక్రం వైపు చూసి మళ్లీ అన్నాడు, "నల్లది పోవాలె పోవాలె అని బఫ్ మీద ఎక్కువ రుద్దిన. పని మంచిగ రాలె అబ్బా."

పనిలో తప్పు చేసినప్పుడు చిన్నప్పటి నుంచి వాడు తండ్రికి చెప్పుకునే మాటే అది. ఇప్పుడూ అదే గొంతుతో చెప్పాడు.

ఇంట్లో మున్నీబీకి విషయం తెలిసింది. ఏడవలేదు. మొగుడి ముందు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పకుమని నేను అంటలేను. నర్సయ్య ముఖం నేను సుత చూసిన. కాని మతీన్ పేరు నీ నోట్ల నుంచి రావొద్దు. వాడు జైలుకు పోతె కోడలు బతకది, కడుపుల బిడ్డ బతకది."

"పేరు చెప్పకుంటె నిజమెట్లయితది?"

"అది నాకు తెల్వది. నువ్వే చూడు."

మర్నాడు స్టేషన్‌కు వెళ్లేవరకూ ఆయన ఏమీ తేల్చుకోలేదు. దారిలో ఒక ఆలోచన వచ్చింది. పూత తర్వాత వేసిందని రాసిద్దాం, ఎవరు వేశారో తెలియదని చెబుదాం. హైదరాబాదులో వందమంది ఉన్నారు కదా. కానీ ఎస్సై ఆ దారి ముందే మూసేశాడు.

"పదిహేను రోజులుగా బస్సుల్లేవు. అడుగడుక్కీ రోడ్డు మీద రాళ్లూ చెట్లూ. దత్తాత్రి కారు షెడ్డు దాటలేదు, నేను వాకబు చేశాను. రివాల్వర్ ఊరు దాటి పోలేదు. ఊళ్లో తొట్టి ఒక్కటే, మీది. చెప్పండి, ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు అమీనుద్దీన్.

ఎస్సై కలం బల్ల మీద పెట్టాడు.

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"భయమైంది సార్. బుచ్చిరాములు ఆయితారం తెచ్చిండు. కానుక అన్నడు. గది ఏ రివాల్వరో నాకు తెల్వది. నేనే వేసిన."

ఎస్సై ఆయన ముఖంలోకి తేరిపార చూశాడు. అతనికి అనుమానం రాలేదని చెప్పలేం. అయినా కేసుకు ఒక గట్టి సాక్షి దొరికాడు. అది కూడా పూత వేసిన చేతులే తనవని చెప్పే సాక్షి. రాసుకుని సంతకం తీసుకున్నాడు. ఉర్దూలో అమీనుద్దీన్ పెట్టిన సంతకం ఎప్పటిలా వంకర పోలేదు.

తర్వాత రెండు నెలలు ఆయన ఊళ్లో పెద్దమనిషైపోయాడు. దత్తాత్రి జాగలో కూర్చుని దత్తాత్రికే ఎదురు నిలిచాడని చెప్పుకున్నారు. చాయ్ హోటల్లో లేచి జాగ ఇచ్చేవారు. నర్సయ్య పెళ్లాం పోచవ్వ ఒకరోజు గిన్నెలో సకినాలు పెట్టుకుని వచ్చి మున్నీబీకి ఇచ్చి పోయింది. ఆ సకినాలు ఇంట్లో ఎవరూ ముట్టలేదు. తహూరాకు ఆడపిల్ల పుట్టింది. అనమ్ అని పేరు పెట్టారు. మతీన్ బిడ్డను ఎత్తుకునేవాడు కాదు. తండ్రితో పనికి సంబంధించిన రెండు మాటలు తప్ప మాట్లాడేవాడు కాదు.

ఒకసారి మాత్రం అడిగాడు, "కోర్టుల నేను చెప్పనా అబ్బా?"

"నువ్వు ఊకో," అన్నాడు అమీనుద్దీన్. వాడు ఊరుకున్నాడు. ఇంకోసారి అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్నేమోనని ఆయన చాలా ఏళ్లు అనుకున్నాడు.

శ్రావణంలో మేజిస్ట్రేటు కోర్టులో విచారణ మొదలైంది. కేసును సంగారెడ్డి పెద్ద కోర్టుకు పంపాలో, ఇక్కడే కొట్టేయాలో అక్కడ తేలాలి. దత్తాత్రి హైదరాబాదు నుంచి వకీలును పిలిపించుకున్నాడు. కోర్టు గది కిటికీల దాకా జనం నిండిపోయారు. నర్సయ్య, పోచవ్వ ముందు వరుసలో నేల మీద కూర్చున్నారు. మతీన్ వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు.

అమీనుద్దీన్ బోనులో నిలబడి రివాల్వర్ గురించి చెప్పిందంతా మళ్లీ చెప్పాడు. అక్షరాల అంచులు, మరమేకుల చుట్టూ దిగిన ఇనుము, తుప్పు గుంటలు, చెక్కల కింద మిగిలిన నల్లనీలం. మేజిస్ట్రేటు రివాల్వర్ తెప్పించుకుని గోరు పెట్టి చూశాడు, తల కూడా ఊపాడు.

హైదరాబాదు వకీలు లేచి రివాల్వర్ ఊసే ఎత్తలేదు.

"పూత మీరే వేశారు. అవునా?"

"అవును సాబ్."

"ఏ రోజు?"

"ఆయితారం."

"ఆ ఆదివారం పగలంతా మీరు సిద్దిపేటలోనే, దుకాణంలోనే ఉన్నారు."

"ఉన్న సాబ్," అన్నాడు.

"కూర్చోండి. ఇంకేం అడగను."

తర్వాత పిలిచిన పేరు అమీనుద్దీన్ బావది. కోహెడ నుంచి సమను మీద పిలిపించారు. దేనికి పిలిచారో ముసలాయనకు తెలియదు. తెల్ల షేర్వానీ వేసుకుని కర్ర పట్టుకుని వచ్చాడు. బావమరిది గురించి అడుగుతున్నారని తెలిసి ముఖం విచ్చుకుంది.

"మీ భార్య చనిపోయినప్పుడు అమీనుద్దీన్ వచ్చారా?"

"రాకపోవుడేంది సాబ్. బస్సులు లేకుంటె సైకిల్ తొక్కుకుంట వచ్చిండు. శనివారం జనాజా ఆయన భుజం మీదనే పోయింది. ఆయితారం, సోమవారం నా పక్కకెల్లి లేవలె. సోమవారం జియారత్ అయినంక మంగళవారమే పోయిండు. అసొంటి మనిషి దొరకడు సాబ్."

వకీలు ఆయనకు వంగి నమస్కారం పెట్టి కూర్చున్నాడు. అమీనుద్దీన్ తల ఎత్తలేదు. నర్సయ్య తన వైపు తిరిగి చూస్తున్నాడని మాత్రం తెలిసింది. వెనక గోడ దగ్గర మతీన్ ఒక అడుగు ముందుకు వేసినట్టు, మళ్లీ ఆగినట్టు అనిపించింది. అది నిజమో, తను అట్లా అనుకున్నాడో ఆయనకు ఎప్పటికీ తేలలేదు.

వారం తర్వాత ఆర్డరు వచ్చింది. ముఖ్య సాక్షి ప్రమాణం చేసి అబద్ధమాడాడు. పూత ఎవరు, ఎప్పుడు వేశారన్న మాటలో అబద్ధమాడినవాడి మాటను, పూత గురించిన మిగతా విషయాల్లోనూ నమ్మడానికి వీల్లేదు. మేడ మీద నల్ల రివాల్వర్ చూశామన్న ముగ్గురూ ఊరేగింపులో ఉన్నవాళ్లే. కేసు కొట్టేశారు. రివాల్వర్‌ను సొంతదారుకు తిరిగి ఇచ్చారు. నెల తిరక్కుండా ఎస్సైకి బదిలీ అయింది. పోయేముందు దుకాణం ముందు జీపు ఆపించాడు గానీ దిగలేదు.

"మీరు చెప్పింది ఒక్కటి తప్ప అంతా నిజమని నాకు తెలుసు," అన్నాడు. "ఆ ఒక్కటీ నాకు చెప్పి ఉండాల్సింది." జీపు వెళ్లిపోయింది.

ఆర్డరు వచ్చిన మర్నాడు మతీన్ ఎవరికీ చెప్పకుండా సర్కారు వకీలు ఇంటికి వెళ్లాడు. పూత వేసింది తనేనని, ఎక్కడైనా చెబుతానని, జైలుకైనా పోతానని అన్నాడు. వకీలు అప్పుడే స్నానం చేసి తుండు కట్టుకుని ఉన్నాడు.

"మొన్న మీ నాయిన నేనే వేసిన అన్నడు. ఇయ్యాల నువ్వు నేనే వేసిన అంటున్నవు. రేపు మీ అమ్మ వస్తదా?" అన్నాడు. తర్వాత వాడి ముఖం చూసి గొంతు తగ్గించాడు. "రెండు నెలల కిందట వస్తే పనికొచ్చేటోనివి. ఇప్పుడు ఎవరు నమ్ముతరు? పో, ఇంటికి పో."

మతీన్ ఇంటికి వచ్చి ఈ సంగతి తల్లికి చెప్పాడు. తల్లి మొగుడికి చెప్పింది. తండ్రీ కొడుకూ దాని గురించి మాట్లాడుకోలేదు.

ఆ వారమే అమీనుద్దీన్ నర్సయ్య ఇంటికి వెళ్లాడు. మగ్గం గుంటలో నర్సయ్య పని చేసుకుంటున్నాడు. రెండో మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. అది కర్ణాకర్ నేస్తూ వదిలిన చీర. దాని మీద పాత ధోవతి కప్పారు.

అమీనుద్దీన్ గుమ్మంలో నిలబడే అంతా చెప్పాడు. మతీన్ పేరు కూడా చెప్పాడు. నర్సయ్య చేతులు ఆగలేదు. నాడె అటూ ఇటూ పోతూనే ఉంది. చెప్పడం అయిపోయాక ఆపాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "మీ బావ చెప్పిన దినమే తెలిసింది. నువ్వు ఎవరి కోసం అబద్ధమాడ్తవు, మతీన్ కోసం కాకుంటె."

"నన్ను తిట్టు నర్సయ్యా."

"తిట్టబుద్ధి అయితలేదు. నా కొడుకు అట్ల చేసి ఉంటె నేను సుత వాని పేరు చెప్పకపోదును. గది ఆలోచించుకున్న, కోపం పోతదేమోనని. పోతలేదు." పోగు తెగితే ముడివేసి మళ్లీ అన్నాడు, "మీ ఇంట్ల మాపటికి వాడు ఎదురుంగ కూసొని తింటడు కద. నాకు గదొక్కటే యాదికొస్తది. నువ్వింక రాకు అన్నా."

అమీనుద్దీన్ వెనక్కి తిరిగాడు. పోచవ్వ గోడ పక్కన నిలబడి ఉంది.

దత్తాత్రి ఆయన్ని దుకాణం ఖాళీ చేయమనలేదు. ఉండమని బుచ్చిరాములుతో కబురు కూడా చేశాడు. అది విన్నాక అమీనుద్దీన్ ఒక్కరోజు కూడా ఉండలేకపోయాడు. తొట్లు వంపేసి, డైనమో అమ్మేసి, ఇంటి ముందు అరుగు మీద కొలిమి పెట్టుకుని ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లుగా నికిల్ సాబ్ అన్న ఊరు కొద్దిరోజుల్లోనే కళాయి సాబ్ అనడం నేర్చుకుంది. కొందరు పిలవడమే మానేశారు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ అయిన పాత పిస్తోలు ఒకటి చూసిపెట్టమని ఒక జమేదారు వచ్చాడు. అరుగు మీది నుంచే అమీనుద్దీన్ దాని తెలుపు తర్వాత వేసిందని పోల్చాడు. అయినా కండ్లు కనబడ్తలేవని చెప్పి పంపేశాడు.

మతీన్ మెదక్ రోడ్డులో సైకిళ్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. అదే ఇంట్లో, తండ్రి పక్క గదిలోనే కాపురం. తండ్రికి జ్వరం వస్తే దవాఖానకు తీసుకెళ్లేవాడు, పండక్కి బట్టలు తెచ్చేవాడు. కానీ తండ్రి అన్నానికి కూర్చునే వేళకు ఎప్పుడూ ఇంట్లో ఉండేవాడు కాదు. నర్సయ్య అన్న మాట తను మతీన్‌కు చెప్పలేదు, మరి వాడికి ఎట్లా తెలిసిందోనని అమీనుద్దీన్ ఆశ్చర్యపోయేవాడు. బహుశా వాడికి తెలియదు. ఎదురుగా కూర్చోలేకపోయాడు, అంతే.

మూడేళ్లు గడిచాక ఒక వానాకాలం పొద్దున పోచవ్వ అరుగు దగ్గరికి వచ్చింది. కొంగు కింద ఇత్తడి గిన్నె ఉంది. లోపల కళాయి పోయి పచ్చగా చిలుము పట్టింది.

"పులుసు వండితె చేదొస్తున్నది," అంది.

అమీనుద్దీన్ గిన్నె అందుకున్నాడు. ఇసుకతో తోమి, కొలిమి మీద కాచి, నవాసారం చల్లి, తగరం పూసి దూదితో తుడిచాడు. గిన్నె లోపలంతా తెల్లబడింది. ఎప్పుడూ పట్టేదానికి రెండింతలు సమయం పట్టింది. ఆమె అరుగు చివర కూర్చుని వానను చూస్తోంది. గిన్నెను నీళ్లలో ముంచి చల్లార్చి ఆమె ముందు పెట్టాడు.

పోచవ్వ గిన్నెను కొంగుతో తుడిచి లేచింది.

"నేను వచ్చినట్లు ఆయనకు తెల్వనియ్యకు," అంది.

ఆయన తల ఊపాడు. ఆమె గిన్నె బోర్లించి నెత్తిన పెట్టుకుని వానలో నడిచిపోయింది. ఆ తర్వాత ఐదేళ్లు బతికాడు అమీనుద్దీన్. ఏడాదికొకసారి, వానలు మొదలయ్యాక, ఆమె ఆ ఒక్క గిన్నె పట్టుకుని వస్తూనే ఉంది. నర్సయ్య మాత్రం మళ్లీ ఆ గల్లీలోకి రాలేదు. జనాజా రోజున కూడా రాలేదు.